క్యాబిన్ కింది రబ్బర్లు

మా బొలేరో పికప్ 2011 మోడల్. 2017లో నేనూ, నా తమ్ముడూ, మా బావా ముగ్గురం డబ్బులు వేసుకుని కల్వకుర్తిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బడి ఉన్న రోజుల్లో తమ్ముడు నడుపుతాడు. ఆదివారాలు, సెలవుల్లో నేను. తేనె డబ్బాలు, తపసి బంక సంచులు, కోటా బియ్యం, పెళ్లి సామాన్లు, మేకలు, మనుషులు, అది మోయనిదంటూ లేదు. నల్లమలలో మా పెంట నుంచి మన్ననూరు తారు రోడ్డు ఎక్కేదాకా దారి ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్లు ఒకసారి వచ్చి చూడాలి, అంతే. రాళ్లు, వాగులు, చెట్ల వేర్లు. ఖాళీ బండి కూడా అక్కడ ఎడ్లబండి లాగే పోతుంది.

రెండు మూడేళ్లుగా బండి కింద ఒక చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దిగితే ‘టక్’. గుంటలో పడితే ‘దడ్’. ఎడమ డోరు రెండు మూడు సార్లు గట్టిగా కొడితే గానీ పడేది కాదు. వాన వస్తే ముందు అద్దం అంచు నుంచి కాళ్ల మీదికి నీళ్లు కారేవి. ముసలి బండి, కీళ్ల నొప్పులు ఉంటాయి అని నవ్వుకునేవాళ్లం. కిర్రుమన్న చోటల్లా నేను కిందికి దూరి, ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ సీసాతో పోసేవాణ్ణి. రెండు రోజులు చప్పుడు తగ్గేది. బండికి సేవ చేశానని నాకు తృప్తి.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక రాత్రి మా పెంటలో ఒక అమ్మాయికి నొప్పులు వచ్చాయి. తొలి కాన్పు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా కూర్చోవడం కంటే మనమే తీసుకుపోదాం అనుకున్నాం. ముందు సీట్లో ఆ అమ్మాయి, ఆమె అత్త. స్టీరింగ్ నా చేతిలో. దారంతా కింద ‘దడ్’ ‘దడ్’ అంటూనే ఉంది. ప్రతి చప్పుడుకూ ఆ పిల్ల మూలిగేది. అచ్చంపేటలో ఆసుపత్రి ముందు ఆగి ఎడమ డోరు లాగితే రాలేదు. కాలితో తన్నినా రాలేదు. క్యాబిన్ ఒక పక్కకు కుంగి, డోరు తన చట్రంలోనే బిగుసుకుంది. చివరికి ఆ నొప్పుల్లోనే ఆమెను గేరు రాడ్డు మీదుగా, స్టీరింగ్ పక్క నుంచి, నా వైపు డోరులోంచి దించాం. ఆడపిల్ల పుట్టింది. క్షేమమే. ఇప్పుడు పాకుతోంది. కానీ ఆ రెండు మూడు నిమిషాలు నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తాయి.

తెల్లారి తమ్ముడు దారిలో ఒక షెడ్డులో చూపించాడు. అక్కడ క్యాబిన్ ఎత్తి, పాత టైరు ముక్క కోసి ఎడమ వైపు ఒకచోట దూర్చారు. డోరు తెరుచుకుంది. మేము మరిచిపోయాం. అంత జరిగినా ఎందుకు మరిచిపోయామని ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. బండి నడుస్తోంది కదా అనుకున్నాం.

2025 జూన్‌లో మా చెల్లెలి బిడ్డ ఇంటర్‌లో చేరింది. పెట్టె, బకెట్, పరుపు వేసుకుని ఆ పిల్లను ఎల్బీ నగర్ హాస్టల్‌లో దింపడానికి హైదరాబాద్ వచ్చాను. మన్ననూరు నుంచి 130 కిలోమీటర్ల పైచిలుకు. దింపేసి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద చాంద్రాయణగుట్ట వైపు తిరిగి వస్తున్నాను. చంపాపేట్ దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ దిగగానే చప్పుడుతోపాటు స్టీరింగ్ చేతిలో ఒక్కసారి గుంజుకుంది. ఎవరో చక్రం పట్టుకుని లాగినట్టు. వెనక సిటీ బస్సు హారన్. భయమేసి, ఇండికేటర్ వేసి, కనిపించిన మొదటి సందులోకి తిప్పాను. ఫంక్షన్ హాలు వెనక గోడ, దాన్ని ఆనుకుని వరసగా రేకుల షెడ్లు. మొదటి షెడ్డు ముందు ఆపాను.

ఒక ఆటో కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. “బండి చప్పుడైతాంది, చూస్తారా?” అన్నాను. లోపలి నుంచి జవాబు లేదు. కాళ్లు కూడా కదల్లేదు. తర్వాత మెల్లగా మనిషి బయటికి జరిగాడు. నన్ను చూడకుండానే గొంతు గుర్తుపట్టినట్టున్నాడు. లేచి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ తల దించుకుని “నమస్తే సార్” అన్నాడు.

నా విద్యార్థి. మా పక్క పెంట పిల్లవాడు. మూడు నుంచి ఐదో తరగతి దాకా నా దగ్గరే చదివాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. వాడు ఇంటర్ పాసైన ఏడు ఇంటికి వచ్చి, “ఏం చదవాలె సార్?” అని అడిగాడు. నేను డి.ఎడ్. చదివినవాణ్ణి, నాకు అదే తెలుసు. “టీచర్ ట్రైనింగ్ చెయ్యి. మనకు జీవో 3 ఉంది. మన ఏరియాలో పోస్టులు మనకే. నీకు కాకపోతే ఎవరికిస్తరు?” అన్నాను. 2000 జనవరి 10న వచ్చిన ఆ జీవో ప్రకారం షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. నాకు ఉద్యోగం వచ్చింది ఆ రోజుల్లోనే. వాడు నా మాట విన్నాడు. 2018లో డి.ఎడ్. పూర్తి చేశాడు. అప్పటికే ఒక డీఎస్సీ పరీక్ష అయిపోయింది. ఇంకొకటి వస్తుందని చూస్తుండగా, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని జీవోను కొట్టేసింది. లాక్‌డౌన్ రోజులు. ఎవరం ఇల్లు కదల్లేదు. మా ఉద్యోగాలు పోలేదు. వాడికి రావలసింది ఆగిపోయింది. ఆ తీర్పు వచ్చిన తర్వాత నేను వాడి దగ్గరికి వెళ్లి మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తోచలేదు. నిజం చెప్పాలంటే తప్పించుకున్నాను.

మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024 జులైలో. 11,062 పోస్టులు. వాడు అప్పుచేసి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి కోచింగ్‌లో చేరాడు. అక్కడ రూము కిరాయి ఎక్కువని ముగ్గురు కలిసి చంపాపేట్‌లో ఒక గది తీసుకున్నారు. పరీక్ష రాశాడు. మార్కులు చాల్లేదు. అప్పు తీర్చాలి కాబట్టి గది కింద ఉన్న షెడ్డులో పనికి కుదిరాడు. ఇదంతా వాడు నాకు ఒక్కసారిగా చెప్పలేదు. పని చేస్తూ, పానాలు అందుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

మొదట చెప్పింది మాత్రం ఇదే. “సార్, అమ్మకు ఇంకా కోచింగ్ అనే తెలుసు.”

వాడు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. డోరు తెరిచి మూసి చూశాడు. క్యాబిన్‌కూ వెనక ట్రాలీకీ మధ్య సందును ఎడమ వైపు, కుడి వైపు వేళ్లతో కొలిచాడు. రెండూ సమానంగా లేవు. నన్ను డోరు పట్టుకుని క్యాబిన్ ఊపమని, తను కింద పడుకుని టార్చ్ వేశాడు. “సార్, మీరు కూడ రండ్రి” అన్నాడు. నేను ప్యాంటు గురించి ఆలోచించకుండా పడుకున్నాను.

పికప్ కింద చాసీ అంటే ఒక నిచ్చెన. పొడుగ్గా రెండు ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డ పట్టీలు. ఇంజిన్, గేరుబాక్సు, చక్రాలు అన్నీ ఆ నిచ్చెనకే. మనం కూర్చునే క్యాబిన్ వేరే ముక్క. దాన్ని నిచ్చెన మీద పెట్టి బోల్టులతో బిగిస్తారు. కానీ ఇనుము మీద ఇనుము పెడితే రోడ్డు మీది ప్రతి రాయీ మన ఎముకల్లోకి వస్తుంది, రేకు కూడా పగులుతుంది. అందుకని ప్రతి బోల్టు దగ్గరా రబ్బరు పెడతారు. చాసీ నుంచి బయటికి వచ్చిన బ్రాకెట్‌కు పైన ఒక రబ్బరు, కింద ఒక రబ్బరు, వాటి నడిమధ్య చిన్న ఇనుప గొట్టం, ఆ గొట్టంలోంచి బోల్టు, రెండు కొసల్లో పళ్లెంలాంటి వాషర్లు. పై రబ్బరు క్యాబిన్ బరువు మోస్తుంది. గుంటలో క్యాబిన్ పైకి ఎగిరితే కింది రబ్బరు పట్టి ఆపుతుంది. బాడీ మౌంటింగ్ రబ్బర్లు, మౌంటింగ్ బుష్‌లు, క్యాబిన్ రబ్బర్లు, ఎలా అడిగినా షాపువాళ్లకు అర్థమవుతుంది.

మా బండికి ముందు రబ్బర్లు అరిగి, వక్క పేడులా పలచబడ్డాయి. వెనక జతలో ఒకటి పగిలి సగం రాలిపోయింది. టైరు ముక్క పెట్టిన చోట మాత్రం క్యాబిన్ ఎత్తుగా ఉంది. ఆ ఒక్కచోటే ఎత్తు పెరిగేసరికి బరువంతా ఎదురు మూలకు పోయి అక్కడి రబ్బరు నలిగి చచ్చింది. క్యాబిన్ మెలిపడింది. స్టీరింగ్ రాడ్డు పై కొస క్యాబిన్‌లో, కింది కొస చాసీ మీద. క్యాబిన్ ఎగిరినప్పుడల్లా అది గుంజుతోంది. నేను రోడ్డు మీద చూసింది అదే.

వాడు ఒక రబ్బరును స్క్రూడ్రైవర్‌తో గుచ్చాడు. జిగటగా, నల్లని హల్వాలా లోపలికి పోయింది. వాసన చూశాడు.

“సార్, తపసి బంక నీళ్లల్ల వేస్తే ఏమైతది?”

“ఉబ్బుతది” అన్నాను.

“నూనెల వేస్తే?”

“ఏం కాదు.”

“రబ్బరు దానికి ఉల్టా సార్. నీళ్లల్ల ఎన్ని రోజులున్నా ఏం కాదు. ఆయిల్ తగిలితే పీల్చుకుని ఉబ్బుతది, మెత్తగై బలం పోతది. ఇండ్ల ఎవరో కావాలని ఆయిల్ పోసినట్టుంది.”

నేను కాసేపు పైకి చాసీ వైపు చూశాను. తర్వాత చెప్పాను. “నేనేరా. ఏండ్ల నుంచి పోస్తున్న.”

వాడు నవ్వలేదు. “చానామంది అట్లనే చేస్తరు సార్. కిర్రుమంటే సబ్బునీళ్లు వెయ్యాలె” అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. తప్పు చెప్పిన పిల్లవాణ్ణి చిన్నబుచ్చకుండా సరిదిద్దే గొంతు. మా ట్రైనింగ్‌లో దాని మీద ఒక పాఠమే ఉంటుంది. నేను బంక ఏరే పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా సైన్సు చెబుతున్నాను. తపసి బంకతో ఈ పాఠం చెప్పవచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు. పుస్తకంలో ఉన్న ఉప్పు, చక్కెర, సుద్దపొడి, వాటితోనే కరుగుతుంది, కరగదు అని చెప్పించాను. మా పిల్లల ఇళ్ల ముందు బంక ఆరబోసి ఉంటుంది.

షెడ్డు ఓనరు పెద్దాయన, అందరూ ఉస్తాద్ అంటారు. ఒకచోటే మార్చండి, మిగతావి తర్వాత చూద్దాం అని నేను అంటే ఒప్పుకోలేదు. కొత్తది ఒకటి పెడితే అది గట్టిగా నిలబడుతుంది, పాతవి కుంగి ఉంటాయి, మళ్లీ టైరు ముక్క కథే అవుతుంది అన్నాడు. మారిస్తే అన్నీ మార్చాలి. మావాడు బైకు మీద పుత్లీబౌలి పోయి రబ్బర్ల సెట్టూ, కొత్త బోల్టులూ, వాషర్లూ తెచ్చాడు. అన్నీ కలిపి 2,200. పోయే ముందే పాత బోల్టులన్నిటికీ వైర్ బ్రష్ కొట్టి, తుప్పు వదిలే స్ప్రే వేశాడు, రబ్బరు ఎలాగూ పోయేదే కాబట్టి. అది నానేదాకా ఆగాలి.

ఆ ఖాళీ సమయంలో ఉస్తాద్ టీ తెప్పించాడు. పోయిన పరువు కొంచెం తెచ్చుకుందామని నేను రబ్బరు కథ ఎత్తుకున్నాను. మావాడు తిరిగి వచ్చేసరికి సగంలో ఉన్నాను. మెక్సికోలో ఒక బుగ్గలో 3,500 ఏళ్ల కిందటి రబ్బరు బంతులు దొరికాయి. అక్కడి ఆదివాసులు చెట్టుపాలను ఉత్తగా ఎండబెడితే పెళుసుగా విరిగిపోతుందని, రాత్రి పూసే ఒక తెల్లపూల తీగ రసం అందులో కలిపేవాళ్లు. అప్పుడు అది సాగి, ఎగిరేది. ఆ తీగ రసం చేసే పనేమిటో 1999లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. మన పాఠాల్లో మాత్రం 1839లో చార్లెస్ గుడియర్ గంధకంతో రబ్బరును కాల్చిన దగ్గర్నుంచే కథ మొదలవుతుంది. ఆయన చేసింది చిన్న పనేమీ కాదు, ఈ బుష్‌లు కూడా ఆ పద్ధతి నుంచి వచ్చినవే. కానీ ముందు వేల ఏళ్లు ఎవరూ లేనట్టు చెబుతాం. 1876లో హెన్రీ విక్‌హమ్ అనే ఇంగ్లీషాయన బ్రెజిల్ నుంచి డెబ్బై వేల దాకా రబ్బరు గింజలు లండన్‌కు పట్టుకుపోయాడు. వాటి సంతతే సిలోన్‌కూ మలయాకూ చేరింది. ఆ తర్వాత సైకిళ్లూ మోటార్లూ వచ్చి రబ్బరుకు గిరాకీ పెరిగేసరికి, అమెజాన్ అడవిలో పుతుమాయో నది పక్కన ఆదివాసులను కొట్టి, సంకెళ్లు వేసి, పాలు తీయించారు. చెప్పినంత తేకపోతే చంపారు. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రోజర్ కేస్‌మెంట్ 1910లో అక్కడికి పోయి చూసి రాసిన నివేదిక 1912లో అచ్చయింది.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి, “అంటే ఇది మీ చుట్టాలు కనిపెట్టిన మాల్ అన్నట్టు” అన్నాడు. మావాడు అప్పుడు నవ్వాడు. షెడ్డుకు వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి.

మూడు గంటలకు పని మొదలైంది. చక్రాలకు రాళ్లు పెట్టారు. బ్యాటరీ మైనస్ వైరు తీశారు. స్టీరింగ్ జాయింట్ బోల్టు వదులు చేశారు. రేడియేటర్ పైపులు, బ్రేకు పైపులు, ఎర్త్ వైరు ఎక్కడ గుంజుకుంటాయో టార్చ్‌తో చూశారు. ఫ్యాను రేకుకు తగులుతుందా అని కూడా చూడాలట, క్యాబిన్ లేచినప్పుడు రేడియేటర్ కూడా లేస్తే. తర్వాత ఒక వైపు బోల్టులు తీసి, రెండో వైపువి తీయకుండా వదులు మాత్రమే చేశారు. జాకీని నేరుగా రేకుకు ఆనిస్తే సొట్ట పడుతుంది. అందుకని మందం చెక్క పలక పెట్టి మెల్లగా ఎత్తారు, రబ్బరు దూరేటంత. లేచిన సందులో పక్కన చెక్క దిమ్మెలు పెట్టేదాకా వాడు నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. “జాకీని నమ్మొద్దు సార్” అన్నాడు. యువకులు ఎవరైనా ఇది చదివి ఇంటి దగ్గర చేద్దామనుకుంటే, మిగతావన్నీ మరిచినా ఈ ఒక్క మాట మరవొద్దు.

వెనక కుడి బోల్టు ఏడిపించింది. బోల్టు తిప్పుతుంటే లోపలి నట్టు కూడా దానితో పాటే తిరుగుతోంది. నట్టు క్యాబిన్ నేల లోపల చిన్న పెట్టెలో ఉంటుంది, పానా పట్టదు. గ్యాస్‌తో కాలుద్దామని ఉస్తాద్ అన్నాడు. మావాడు వద్దన్నాడు. పైన సీటు కింద రెక్సిన్, వైర్లు ఉన్నాయి. సీటు తీసి, మ్యాటు లేపి చూస్తే నేల రేకు మీద రబ్బరు మూత ఉంది. అది పీకి, సన్నని ఉలి దూర్చి నట్టును ఆపి పట్టుకున్నాడు. కింద నుంచి నేను తిప్పాను. ముప్పావు గంట పట్టింది. ఆ మూత ఉందని నాకు ఎనిమిదేళ్లుగా తెలియదు. ఆ మ్యాటు మీద కాళ్లు పెట్టుకునే తిరిగాను.

కొత్త రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి కూర్చోబెట్టారు. రెండు వైపులా అన్నీ పెట్టి, అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించిన తర్వాతే బిగించడం. ముందే ఒకటి బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు. మధ్య గొట్టం వాషర్‌కు ఆనేదాకా బిగించాలి. గొట్టం ఉన్నది అందుకే, రబ్బరు పిండి కాకుండా. బిగించాక డోర్ల సందులు చూశాడు. పాత టైరు ముక్క నా చేతిలో పెట్టి, “మీ మ్యూజియంకు” అన్నాడు. బడిలో ఒక మూల నేను రాళ్లు, ఈకలు, గింజలు పెట్టేవాణ్ణి. దాన్ని పిల్లలు మ్యూజియం అనేవాళ్లు. వాడికి గుర్తుంది.

ఉస్తాద్ కూలి 1,500 తీసుకున్నాడు. నేను వాడి జేబులో ఐదు వందలు పెట్టబోతే వెనక్కి జరిగాడు. రోడ్డు దాకా వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ ఒకటి కరెంటు స్తంభానికి వేలాడుతోంది, ర్యాంకులు వచ్చిన వాళ్ల ఫొటోలతో. దాని కింద నిలబడి నేను ఐదేళ్లుగా అనాల్సిన మాట అన్నాను. “నేను చెప్పబట్టే నువ్వు ఆ దారిలో పోయినవ్. నాకు తెల్వక కాదు, నీకు మొకం చూపించలేక రాలేదు.”

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. సాగర్ బస్సు ఒకటి పోయింది. “జీవో మీరు కొట్టెయ్యలేదు గద సార్” అన్నాడు. మళ్లీ కాసేపాగి, “కానీ ఒకసారి వచ్చి ఉంటే బాగుండు” అన్నాడు.

మళ్లీ రాస్తావా డీఎస్సీ అని అడిగాను. రాస్తానన్నాడు. రాయకపోయినా ఇక్కడ పని నేర్చుకుంటానన్నాడు. అమ్మ సంగతి అడిగాను. “అడిగితే చెప్పండ్రి. అడగకుంటే వద్దు.”

రాత్రి 9కి మన్ననూరు చెక్‌పోస్టు గేటు పడుతుంది, తెల్లారి 6 దాకా తీయరు. ఎనిమిదిన్నరకు దాటాను. కడ్తాల్, ఆమనగల్, డిండి, ఎన్ని స్పీడ్ బ్రేకర్లు దిగినా కింద చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే ఇంజిన్ ఇంత మోత చేస్తుందా అనిపించింది. ఇన్నాళ్లూ అది వినపడలేదు.

మూడో రోజు పొద్దున సంతకు పోతుంటే దారిలో వాళ్లమ్మ చెయ్యెత్తింది. వరుసకు నాకు అక్క అవుతుంది. ఎడమ వైపు ఎక్కి, అలవాటు ప్రకారం డోరును రెండు చేతులతో లాగి కొట్టింది. అంత బలం అక్కర్లేదు కాబట్టి పెద్ద చప్పుడైంది. ఆమె ఉలిక్కిపడింది.

“డోరు మంచిగైందే తమ్మీ. ఎవరు చేసిండ్రు?”

అడిగింది కాబట్టి చెప్పాను. చంపాపేట్, షెడ్డు, అప్పు, అంతా. ఆమె ముందుకు చూస్తూ విన్నది. వాగు దిగి ఎక్కాం. క్యాబిన్ ఊగింది గానీ కొట్టుకోలేదు. ఒడ్డుకు వచ్చాక అడిగింది.

“నీ దగ్గర పైసలు తీసుకున్నడా?”

“ఓనరు తీసుకున్నడక్కా. వాడు తీసుకోలే, ఇచ్చినా వద్దన్నడు.”

“ఎందుకు వద్దంటడు?” అంది, కొంచెం కోపంగానే. “పని చేసినంక తీసుకోవాలె గద. ఈసారి పోతే ఇచ్చి రా.”